మిగిలిన ఆరు బిందెలు

ట్యాంకరు వెళ్లిపోయింది. ఐదు డ్రమ్ములూ అంచుల దాకా నిండి ఉన్నాయి. వాటి ముందు ఆరిళ్ల ఆడవాళ్లు బిందెలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. తోపులాట లేదు, తిట్లు లేవు. ఆ వేసవిలో గోదావరిఖని లేబరు క్వార్టర్లలో నీళ్ల దగ్గర తిట్లు వినపడని లైను అదొక్కటే. దారిన పోయేవాళ్లు ఆగి మరీ మెచ్చుకునేవారు. మనం చూసినా మెచ్చుకునేవాళ్లమే. కంటికి ఇంత ఇంపుగా ఉన్న న్యాయాన్ని ఎవరు మాత్రం అనుమానిస్తారు?

ఆ పేరంతా బద్రుద్దీన్‌ది. అతను బొగ్గుబాయి మీద ల్యాంపు రూములో పనిచేస్తాడు. ఎండలకు గోదావరి పాయ సన్నబడి నల్లాలు ఆగిపోయినప్పుడు, ట్యాంకరు వచ్చిన మొదటి రోజే ఆ లైనులో జుట్లు పట్టుకున్నారు. రెండో రోజు బద్రుద్దీన్ ఒక సత్తు బిందె తెచ్చి అందరికీ చూపించాడు. "ఇదే కొలత. డ్రమ్ముకు పన్నెండు బిందెలు. ఇంటికి ముప్పావు డ్రమ్ము, అంటే తొమ్మిది. నా ఇంటికి గూడ తొమ్మిదే. కొలిచేటోన్ని నేనే, తప్పయితే నన్ను కొట్టుండ్రి" అన్నాడు. ఎవరూ కొట్టలేదు. నెల గడిచేసరికి అతని మాట ఆ లైనుకు చట్టమైంది. అతనికి కూడా ట్యాంకరు వచ్చే ఆ సాయంత్రం ఐదు గంటల వేళ అంటే ప్రాణమైంది. బిందెలో నీళ్లు అంచుకు తాకి ఆగినప్పుడల్లా లోపల ఏదో ఒకటి సరిగ్గా కుదురుకున్నట్టుండేది.

ఆరిళ్లకూ పోసిన తర్వాత చివరి డ్రమ్ములో సగం నీళ్లు మిగిలేవి. ఆరు బిందెలు. అవి ఒక ఇంటి వాటాకు సరిపోవు. అందుకని వాటిని లైను ముందు నేల మీద చల్లించేవాడు. బొగ్గు లారీలు తిరిగే చోటు అది. సాయంత్రం గాలి లేస్తే నల్లటి దుబ్బ అన్నం పళ్లెంలోకి వచ్చేది. నీళ్లు చల్లితే కాసేపు అణిగేది. మంచాలు బయట వేసుకునేవారు.

"సమ్మవ్వా, ఇగ సల్లు" అన్నాడు బద్రుద్దీన్ ఆ రోజు కూడా.

"సల్లుతున్న కొడుకా."

సమ్మవ్వ ఆ లైను ముందు ఊడ్చే ముసలామె. ప్రహరీ గోడ అవతల రేకుల గుడిసెలో ఉంటుంది. కొడుకు లారీలకు బొగ్గు నింపే కూలిపనికి పోయి ఎప్పుడో ఒకసారి వస్తాడు. తల్లి లేని మనుమరాలు ఓదెమ్మను ఈమె సాకుతోంది. నడుం వంచి చెంబుతో తోడి చల్లుతుంటే తడిసిన నేల వాసన లేచింది.

పక్కింటి నర్సింగం భార్య కనకవ్వ నవ్వింది. "సూడుండ్రి, మా లైనుల దుబ్బ గూడ గోదారి నీళ్లు తాగుతది!"

అందరూ నవ్వారు. బద్రుద్దీన్ కూడా నవ్వాడు. గోడ వారగా సమ్మవ్వ బిందె బోర్లించి ఉంది. రోజూ అక్కడే ఉంటుంది. చల్లడం అయ్యాక ఆమె దాన్ని చంకన పెట్టుకుని, బాయిలోంచి పంపు తోడిపోసే నీళ్లు పారే కాలువ వైపు వెళుతుంది. ఆ నీళ్లతో ఈ లైనువాళ్లు బట్టలు కూడా ఉతకరు.

ఆమె ఒకసారి అడిగింది, మొదటి వారంలోనే. బద్రుద్దీన్ ఓపిగ్గా చెప్పాడు. "ఇవి క్వార్టర్లకు లెక్కగట్టి వచ్చే నీళ్లు సమ్మవ్వా. నీకు తొమ్మిది పొయ్యాలంటే ఎవరికో తగ్గుతయి. ఉన్నయి ఒక వాటాకు చాలవు. నీకు తక్కువ పోసుడు న్యాయం గాదు గద." ఆమె నోరు తెరిచి ఏదో అనబోయి ఊరుకుంది. ఆ తర్వాత ఆ బిందె అతని కళ్ల ముందే ఉన్నా అతని కళ్లకు ఆనడం మానేసింది.

*

ఇంట్లోకి వచ్చేసరికి షాహీదా గోడవైపు తిరిగి కూర్చుంది. బద్రుద్దీన్ కూతురు ఏడో తరగతి. ఒంటిపూట బడి నుంచి వచ్చినప్పటి నుంచీ మాట లేదట.

"క్యా జీ, మీ బిడ్డను అడుగుండ్రి, అన్నం మీద ఎందుకు అలిగిందో" అంది భార్య మక్సూదా రొట్టెలు ఒత్తుతూ.

"ఏమైంది బేటీ?"

పిల్ల ఒక్కసారిగా తిరిగింది. "అంతా నీ వల్లనే అబ్బా! పట్టాభిరామయ్య సారు మీ ఇంట్ల లెక్క ఒకటి నల్లబల్ల మీద చేయుండ్రి అన్నడు. నేను మన నీళ్ల లెక్క చేసిన. ఐదు డ్రమ్ములు, ఇంటికి ముప్పావు, ఎన్ని ఇండ్లకు వస్తయి అని. ఆరున్నర అని రాసిన. సారు తప్పన్నడు. అందరు నవ్విన్రు. ఆరూ మూడింట రెండు వంతులట!"

"ఆరున్నరే గద! ఆరిండ్లకు పోసినంక సగం డ్రమ్ము మిగుల్తది."

"నేను గదే అన్న. తిరగేసి గుణించలేదేమన్నడు."

"ఎందుకు తిరగేసుడు? నేను కండ్లతోని సూస్తలేనా?"

"ఇస్కూలుకు మీరే పోయి, సారుకు బిందెతోటి కొలిచి సూపియ్యుండ్రి" అని మక్సూదా నవ్వింది. అతనికి మాత్రం నవ్వు రాలేదు. పిల్ల పరువు సంగతి అలా ఉంచితే, ఎవరో తన చేతి కొలతను వేలెత్తి తప్పు అన్నట్టుంది. అన్నం తింటూ మధ్యలో లేచి గుమ్మం దాకా వెళ్లి చివరి డ్రమ్మును చూసి వచ్చాడు. అది ఖాళీగా ఉంది. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. తను న్యాయవంతుడన్న నమ్మకాన్ని మనిషి చాలా లోపల దాచుకుంటాడు. అక్కడ చిన్న ముల్లు గుచ్చుకుంటే ఎక్కడ నొప్పో తెలియదు. ఒళ్లంతా కుదురు తప్పుతుంది.

*

మర్నాడు ఆదివారం. పొద్దున్నే కూతుర్ని వెంటబెట్టుకుని పట్టాభిరామయ్య మాస్టారింటికి వెళ్లాడు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి ఆయన. బనీనుతో వరండాలో పేపరు చదువుతున్నారు.

"రండి రండి బద్రుద్దీన్ గారూ. ఏమ్మా, నాన్నగారిని యుద్ధానికి తీసుకొచ్చావా? కాఫీ తాగుతారా?"

"కాఫీ తర్వాత సార్. నేను రోజు ఈ చేత్తోటి కొలుస్తున్న. ఆరిండ్లకు ఇచ్చినంక సగం మిగుల్తది. మరి ఆరున్నర ఎట్ల తప్పయితది?"

మాస్టారు పేపరు మడిచి పక్కన పెట్టారు. "సగం అన్నారు. ఏమిటి సగం?"

"డ్రమ్ము."

"లెక్కలో అడిగిందేమిటి? ఎన్ని డ్రమ్ములనా?"

"ఎన్ని ఇండ్లకని."

"మరి జవాబులో డ్రమ్ము ఎందుకు దూరిందండీ? ఒకటి, రెండు, మూడు అని ఆరు దాకా ఇళ్లను లెక్కపెట్టారు. చివరికి వచ్చేసరికి ఇళ్లను వదిలేసి నీళ్లను లెక్కపెట్టారు. పిల్లలందరూ చేసే పొరపాటే ఇది. మీ అమ్మాయి ఒక్కతే కాదు." ఆయన సుద్దముక్క తీసుకుని గచ్చు మీద ఒక గీత గీశారు. "ఇంటికి ఎన్ని బిందెలు?"

"తొమ్మిది."

"మిగిలినవి?"

"ఆరు."

"తొమ్మిదిలో ఆరు. మూడు వంతుల్లో రెండు వంతులు. ముప్పావుతో భాగించడం అంటే ఐదు డ్రమ్ముల్లో ముప్పావులు ఎన్ని ఉన్నాయో చూడటం. చివర మిగిలిన ముక్కను కూడా ఆ ముప్పావుతోనే కొలవాలి. అప్పుడది సగం కాదు, సగం కంటే ఎక్కువ. ఆరిళ్ల వాటా, ఏడో ఇంటి వాటాలో మూడింట రెండు వంతులు."

షాహీదా గచ్చు మీది గీతనే చూస్తూ అంది. "లైనుల ఏడో ఇల్లు లేదు గద సార్."

"లేకపోతే గొడవే లేదమ్మా. ఆ ముక్క వదిలేసి ఆరు అని రాసుకో. ఒకవేళ ఉంటే మాత్రం, వాళ్లకు కావలసిన నీళ్లలో సగం కంటే ఎక్కువ అక్కడే ఉన్నాయన్నమాట." మాస్టారు నవ్వుతూ లోపలికి కేక వేశారు. "ఏమోయ్, రెండు కాఫీలు!"

ఆయన లెక్క చెప్పారు, అంతే. గోడ అవతలి గుడిసె సంగతి ఆయనకు తెలియదు. బద్రుద్దీన్ మాత్రం కాఫీ సగం గ్లాసులోనే వదిలేసి లేచాడు. దారి పొడుగునా పిల్ల హుషారుగా కబుర్లు చెబుతూనే ఉంది. "రేపు నేనే బల్ల మీద చేసి సూపిస్త అబ్బా" అంటోంది. అతనికి ఒక బోర్లించిన బిందె కనిపిస్తోంది. దాని అడుగున సొట్ట ఎక్కడుందో కూడా తెలుస్తోంది. ఇన్నాళ్లూ చూడలేదనుకున్నదాన్ని ఇంత స్పష్టంగా ఎప్పుడు చూశాడు?

సాయంత్రం ట్యాంకరు వచ్చింది. ఆరిళ్లకూ పోశాడు. చివరి డ్రమ్ములో సగం నీళ్లు. గోడ వారన చూశాడు. బిందె లేదు.

"సమ్మవ్వ ఏది?"

"నీకు ఎర్క లేదా బావా?" నర్సింగం వరసలు కలిపే మాట్లాడతాడు. "మనుమరాలికి పొద్దుగాల్ల నుంచి కక్కుడు, పారుడు. దవాఖానకు ఎత్కపోయింది. తే ఆ చెంబు, ఇయ్యాల నేను సల్లుత."

"ఆగు."

"ఎందుకు? గాలి లేస్తున్నది."

"ఆగమన్న గదా!"

ఆ గొంతుకు లైను మొత్తం ఆగిపోయింది. బద్రుద్దీన్ డ్రమ్ము మీద రేకు మూత బోర్లించి, చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా వెళ్లిపోయాడు.

*

దవాఖానలో మంచాలు చాలక ఓదెమ్మను వరండాలో చాప మీద పడుకోబెట్టారు. కిటికీ ఊచకు సెలైను సీసా కట్టి ఉంది. పిల్ల కళ్లు లోపలికి పోయాయి, పెదవులు ఎండి పొట్టు లేచాయి. నాలుగేళ్ల పిల్ల చాప మీద మడిచి పెట్టిన గుడ్డలా ఉంది. ఒంట్లో నీళ్లు లేకుండా పోయాయని, ఇంకాస్త ఆలస్యమైతే తమ చేతిలో ఉండేది కాదని నర్సమ్మ చెప్పింది. పొద్దున దాకా చూడాలంది.

బద్రుద్దీన్ ఆ పక్కనే గొంతుక్కూర్చున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు. సమ్మవ్వ తిట్టలేదు.

"నువ్వెందుకు వస్తివి కొడుకా? నీకు పొద్దుగాల డ్యూటీ ఉంటది."

"ఏం తాగిపిచ్చినవ్ అవ్వా?"

"మేం తాగేటియే. కాలువ నీళ్లు. కాగబెడుదునంటే పొయ్యిల బొగ్గు మంచిగ అంటుకోలే. పిల్ల దూప, నీళ్లు నీళ్లు అన్నది."

అతను చాప అంచు పీకుతున్నాడు. "అవ్వా, ఆనాడు నువ్వేదో అనబోయినవ్. వాటాకు చాలవని నేను అన్నప్పుడు. ఏం అందామనుకున్నవ్?"

ముసలామె కాసేపు గుర్తు చేసుకుంది.

"నాకు వాటా ఎందుకు కొడుకా అందామనుకున్న. ఇద్దరం మనుషులం. ఒక్క బిందె సాలు. నువ్వు తొమ్మిది, న్యాయం అని ఏదో పెద్ద మాట అంటివి. మద్దెల ఒక్క బిందె అంటే నవ్వుతవేమో అని ఊకున్న." ఆమె పిల్ల నుదుటి మీది ఈగను తోలింది. "సల్లేటప్పుడు ఒక చెంబు పక్కకు పెట్టుకుందునా అని మనసైతుండె. నువ్వు సూస్తుంటివి."

నువ్వు సూస్తుంటివి. ఆ మాటలో నింద లేదు. నింద లేకపోవడం వల్లనే అది అతన్ని తిన్నగా కోసింది. అవును, చూస్తూ ఉండేవాడు. ఒక్క చెంబు కూడా అటూ ఇటూ పోకుండా, నీళ్లన్నీ నేలకే చేరేలా, నిజాయితీగా చూస్తూ నిలబడేవాడు.

*

పొద్దున అతను డ్యూటీకి వెళ్లే వేళకు ఓదెమ్మ ఇంకా కళ్లు తెరవలేదు.

ల్యాంపు రూము పని తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. బాయిలోకి దిగే ప్రతి మనిషీ తన పేరిట ఉన్న ఇత్తడి బిళ్లను కిటికీలో ఇచ్చి టోపీ లైటు తీసుకుంటాడు. ఆ బిళ్ల లోపల కొక్కేనికి వేలాడుతుంది. పైకి వచ్చాక లైటు అప్పగించి బిళ్ల తీసుకుంటాడు. షిఫ్టు దిగాక కొక్కేనికి బిళ్ల ఏదైనా మిగిలి ఉందంటే మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని అర్థం.

ఆ మధ్యాహ్నం ఒక బిళ్ల మిగిలింది. లైట్లు అప్పజెప్పిన గుంపు కిటికీ దగ్గర పలచబడింది. బద్రుద్దీన్ కొక్కేలవైపు చూశాడు. అలవాటుగా నోటివెంట మాట వచ్చింది. ఎన్నేళ్లుగానో అదే మాట.

"ఎవరిది?"

తోటి పనివాడు బిక్షం బిళ్ల తిప్పి చూశాడు. "నర్సింగానిది. వస్తుండొచ్చు."

"వస్తుండొచ్చు కాదు. ఫోన్ చెయ్యి. కిందికి ఫోన్ చెయ్యి!"

ఫోన్ చేశారు. నర్సింగం కింద నిచ్చెన దగ్గర చెప్పు తెగి కూర్చుని ఉన్నాడని తెలిసింది. కాసేపటికి తెగిన చెప్పు చేత పట్టుకుని కుంటుకుంటూ వచ్చి, "నా పెండ్లాం గూడ నా కోసం గింత ఫికర్ చెయ్యదు బావా" అని నవ్వుతూ లైటు కిటికీలో పెట్టాడు. బిక్షం నవ్వాడు. బద్రుద్దీన్ ఆ బిళ్లను గట్టిగా పట్టుకుని నిలబడిపోయాడు.

ఇక్కడ ఎన్ని మిగిలాయని తను ఏనాడూ అడగలేదు. వందల్లో ఒక్క బిళ్లే గదా, వదిలేద్దాం అని ఈ కిటికీలో ఎవరైనా అంటే కొట్టేవాడు. ఇక్కడ మిగిలింది ఒకటి కాదు, ఒక మనిషి. మరి అదే చేయి సాయంత్రం ఐదింటికి డ్రమ్ము దగ్గరకు వెళ్లగానే ఏమైపోయింది? అక్కడ ఆరిళ్లనూ మనుషులుగా లెక్కపెట్టి, ఏడోదాని దగ్గరకు వచ్చేసరికి నీళ్లుగా ఎందుకు మార్చేసింది? తెలియక కాదు. తెలిస్తే తన న్యాయం చెడిపోతుందని, లోపల ఎవరో తన కళ్లకు మూత వేశారు. ఆ ఎవరో కూడా తనే.

బిళ్ల నర్సింగం చేతిలో పెట్టాడు. "సాయంత్రం డ్రమ్ముల కాడికి జల్ది రా. మాట్లాడేది ఉన్నది."

*

దవాఖాన మీదుగా ఇంటికి వెళ్లాడు. ఓదెమ్మ కళ్లు తెరిచింది. గ్లూకోజు నీళ్లు చెంచాతో పోస్తే గుటక వేస్తోంది. సాయంత్రం ఇంటికి తీసుకుపోవచ్చని, కాచి చల్లార్చిన మంచినీళ్లే పట్టాలని నర్సమ్మ మరీ మరీ చెప్పింది.

ఐదింటికి ట్యాంకరు వచ్చి వెళ్లింది. డ్రమ్ములు నిండాయి. బద్రుద్దీన్ సత్తు బిందె పట్టుకోలేదు. ఊరికే నిలబడ్డాడు.

"ఇయ్యాల్టి నుంచి ఏడిండ్లు" అన్నాడు. "సమ్మవ్వది ఏడోది. ఇంటికి ఎనిమిది బిందెలు."

కనకవ్వ ముందుకు వచ్చింది. "అదెట్లన్నా? ఆమెకు క్వార్టర్ నంబర్ ఉన్నదా? ఇయ్యాల ఆమె, రేపు ఇంకొకలు. మాకు పిల్లలు లేరా?"

"దయ ఉంటే నీ వాటాల నుంచి పోసుకో బావా" అన్నాడు నర్సింగం మెల్లగా. "మా వాటా మీద ఎందుకు?"

"దయ కాదు నర్సింగం. మధ్యాహ్నం నీ బిళ్ల కొక్కేనికి ఉంటే నేను దయతోటి ఫోన్ చేసిన్నా?"

బద్రుద్దీన్ ఆడవాళ్ల వైపు తిరిగాడు.

"నెల నుంచి రోజు ఆరు బిందెలు నేల మీద పోయించిన. పోసింది ఎవరు? ఆమెనే. తన మనుమరాలి నీళ్లు తన చేత్తోటి మన దుబ్బకు తాగిపిచ్చింది. నేను పక్కన నిలవడి, తక్కువ కాకుంట సూసుకున్న. ఇంటికి తొమ్మిది అని నేనే పెట్టిన. తొమ్మిది పెడితేనే ఆరు మిగులుతయి. ఆరు మిగిలితేనే ఆమెకు చాలవు అనొచ్చు. లెక్క నేను తప్పలేదు. ఎవరిని లెక్కపెట్టాలెనో అక్కడ తప్పిన."

ఎండలో డ్రమ్ముల్లో నీళ్లు తళతళలాడుతున్నాయి. మక్సూదా వచ్చి తన బిందెలు ముందు పెట్టింది. "మాకు ఎనిమిదే పొయ్యుండ్రి" అంది. పోశాడు. తర్వాత ఇంకొకామె. కనకవ్వ చివరిదాకా నిలబడి, "ఒక్క బిందెకు సస్తమా, పోయన్నా" అని విసురుగా బిందె పెట్టింది. విసురు విసురే, బిందె మాత్రం పెట్టింది.

గోడ సందులోంచి సమ్మవ్వ పిల్లను భుజాన వేసుకుని వస్తోంది. ఏం జరుగుతోందో తెలియక దూరంగా ఆగింది. షాహీదా పరుగెత్తి వెళ్లి గుడిసె ముందున్న సొట్ట బిందె తెచ్చి వరసలో పెట్టింది. ఎనిమిది బిందెల నీళ్లకు ఆ గుడిసెలో చోటే లేదు. కనకవ్వ గొణుక్కుంటూనే తన పాత గంగాళం తెచ్చి ఇచ్చింది.

ఏడిళ్లకూ పోశాక డ్రమ్ము అడుగున ఇంకా నీళ్లు ఉన్నాయి. గాలి లేచింది. నీళ్లు పడని నేల మీంచి నల్లటి దుబ్బ సుడి తిరిగి అందరి కళ్లలో పడింది. నర్సింగం కళ్లు నులుముకుంటూ డ్రమ్ములోకి తొంగి చూశాడు.

"ఇంక నాలుగు బిందెలు ఉన్నయి బావా. ఇవి సల్లుదామా? ఎంత, చారెడు నీళ్లు!"

షాహీదాకు నవ్వు ఆగలేదు. "చారెడు కాదు మామా. ఇంటికి ఎనిమిది గదా. నాలుగు అంటే సగం వాటా. ఈసారి నిజంగనే సగం!"

బద్రుద్దీన్ కూతురి తల మీద చేయి వేశాడు. అతని చూపు సమ్మవ్వ భుజం మీద వాలిన పిల్ల మీద, ఆ పక్క లైను మీద, కాలువ గట్టు వెంబడి దూరంగా కనిపిస్తున్న మరికొన్ని రేకుల కప్పుల మీద తిరుగుతోంది. ఇక మీదట ఆ చూపుకు నిలకడ ఉండదని అతనికి తెలిసింది. ఉండకూడదని కూడా తెలిసింది.

"లెక్క సరిగ్గ చెప్పినవ్ బేటీ" అన్నాడు. "కానీ ఏదన్న మిగిలినప్పుడు ముందుగాల ఎంత అని అడగొద్దు. ఎవరిది అని అడుగు."